రెండో గొంతు

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చాక మమ్మల్ని దేశం దాటిస్తున్న బస్సులో, నా పక్కన గోదావరి వైపు నర్సు ఒకామె కూర్చుంది. దారంతా సన్నగా పాడుతూ, మధ్యమధ్య ఆగి మళ్లీ ఎత్తుకునేది. వినడానికి పాటలా లేదు.

"ఏందక్కా, సగం సగం పాడతాండావు?" అన్నాను విసుగ్గా.

"చర్చిలో నాది రెండో గొంతమ్మా. పూర్వం అందరూ ఒకే వరస పాడేవోరంట. తర్వాత ఐరోపా వాళ్లు ఒక్కో గొంతుకీ ఒక్కో వరస కట్టారు. మొదటి గొంతు మా చెల్లిది. ఏ బస్సెక్కిందో ఏంటో."

"మరి ఆగేదెందుకు?"

"అక్కడ తను పాడాలి."

సరిహద్దు దగ్గర బస్సులన్నీ ఆపేశారు. ఆమె కిటికీ తీసి గట్టిగా ఎత్తుకుంది. ఆగాల్సిన చోట ఆగింది. వెనక బస్సులోంచి ఒక ఆడగొంతు అందుకుంది. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది గాని, తన వరస తప్పలేదు.

అది పాటేనని నాకప్పుడు తెలిసింది.