దేవసహాయం మాస్టారి కాలేజీల పుస్తకం

మొన్న వేసవిలో మా కొట్టు వెనక గది తలుపు తీయగానే, వరిగడ్డిలో మాగుతున్న చిన్నరసాల వెచ్చటి వాసన ముఖానికి కొట్టింది. నేను పుట్టకముందు నుంచీ మా ఇంటికి అన్నం పెట్టిన వాసన అది. సరిగ్గా అప్పుడే ముందు గదిలో మా తమ్ముడి కొడుకు, ముసునూరు నుంచి వచ్చిన రైతుతో నవ్వుతూ చెబుతున్నాడు: "మా తాత సంగతి మీకు తెలీదండీ. ఆ రోజుల్లో ఒక కిరస్తానీ మాస్టారు మా మేనత్తని మద్రాసు తీసుకుపోయి మతంలో కలపబోతే, మా తాత కనిపెట్టి ఊళ్ళోంచి వెళ్ళగొట్టించాడు." నేను బయటికొచ్చి "నోర్ముయ్యరా" అని అరిచాను. రైతు బిత్తరపోయాడు. వాడు మాత్రం నా వంక అమాయకంగా చూసి, "అదేంటి పెదనాన్నా, నువ్వేగా చెప్పింది?" అన్నాడు.

నేనే చెప్పాను. ముప్పై ఏళ్ళుగా పెళ్ళి భోజనాల్లో, రైలు ప్రయాణాల్లో, నలుగురు నవ్వుతారంటే చాలు, చెప్పాను. అందులో ఒక్క ముక్క నిజం లేదు. ఆయన్ని చూడని వాళ్ళకి ఆయన గురించి మిగిలింది ఆ కథ ఒక్కటే కనక, అసలు జరిగింది ఇప్పుడు రాస్తున్నాను.

దేవసహాయం మాస్టారు నూజివీడులో మాకు లెక్కలు చెప్పేవారు. పొట్టి మనిషి, ముక్కు మీద కోపం. తప్పు లెక్కకి కొట్టేవారు కాదు, చూసి రాసిన లెక్కకి కొట్టేవారు. "తప్పయినా నీదైతే దిద్దుతాను. పక్కవాడి ఒప్పు నాకెందుకురా?" అనేవారు. స్కూలు ఫైనలు నేను రెండుసార్లు తప్పాను. రెండోసారి తప్పినప్పుడు మా నాన్న నన్ను చదువు మాన్పించి మామిడి వ్యాపారంలో పెట్టాడు. మాస్టారు ఊరుకోలేదు. సాయంత్రం కొట్టుకి వచ్చి, నేను కాయలు ఏరుతుంటే పక్కన గంప బోర్లించుకుని కూర్చుని, ఆల్జీబ్రా నోటితో చెప్పించేవారు. కూలీలు నవ్వేవాళ్ళు. "నవ్వండి, వీడు పాసయ్యాక మిమ్మల్ని కూర్చోబెడతాను" అనేవారు ఆయన. నా చదువు గురించి నాకంటే ఎక్కువ పట్టుదల పట్టిన మనిషి ఆయన ఒక్కరే.

ఆయన దగ్గర అట్టవేసిన పొడుగు పుస్తకం ఒకటి ఉండేది. అప్పట్లో మాకు రాజధాని మద్రాసు. అక్కడ ఎన్ని కాలేజీలున్నాయో, వేటిలో ఏం చెబుతారో మా వైపు కుటుంబాలకి ఏం తెలుసు? మామిడి కాయలు దింపుకునే మండీ వాళ్ళని అడిగేవాళ్ళు. వాళ్ళు నోటికొచ్చింది చెప్పేవాళ్ళు. పిల్లవాడు పెట్టె పట్టుకుని వెళ్ళి, అడ్మిషన్లు అయిపోయాయని తిరిగొచ్చేవాడు. ఇది చూసి మాస్టారికి ఒళ్ళు మండింది. వరసగా మూడు వేసవి సెలవులు సొంత ఖర్చుతో మద్రాసు వెళ్ళి, కాలేజీ కాలేజీకీ తిరిగి రాసుకొచ్చారు. ఏ గ్రూపులున్నాయి, సెకండ్ లాంగ్వేజీగా తెలుగు ఉందా, దరఖాస్తు ఎప్పటిలోగా చేరాలి, హాస్టల్లో నీళ్ళెలా ఉన్నాయి, చారులో కారం ఎంత, స్టేషను నుంచి ఎలా వెళ్ళాలి, అన్నీ. తాను లోపలికి వెళ్ళలేకపోయిన చోట 'చూడలేదు' అని ఎర్ర సిరాతో రాసేవారు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆయన అరుగు మీద రెడ్డిగూడెం, బాపులపాడు నుంచి వచ్చిన తండ్రులు కూర్చుని, ఆ పుస్తకం చదివించుకునేవాళ్ళు. కులం అడగలేదు, ఎవరి దగ్గరా కాఫీ నీళ్ళు కూడా ఆశించలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది మా చెల్లెలు పూర్ణ స్కూలు ఫైనలు పాసయింది. బడి మొత్తానికి లెక్కల్లో మొదటి మార్కు. డాక్టరు చదవాలని దాని కోరిక. మాస్టారు పుస్తకం చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చారు. "శెట్టిగారూ, ఆడపిల్లల హాస్టలు, సైన్సు గ్రూపు రెండూ బాగున్న కాలేజీ ఇది. శాకాహారులకి వంటిల్లు వేరు, వంటమనిషి వేరు. దరఖాస్తు నేను నింపుతాను. మీరు సంతకం పెట్టండి చాలు" అన్నారు. నాన్న పుస్తకం తీసుకుని చూశాడు. హాస్టలు వంటిల్లు అన్న చోట ఎర్ర సిరా ఉంది. "మీరే చూడలేదని రాశారు కదండీ?" అన్నాడు. "మగవాణ్ణి, నన్ను లోపలికి రానిస్తారా? వంటమనిషిని గేటు దగ్గరికి పిలిపించి అడిగాను. పిల్ల అన్నగారు వెళ్తే భోజనాల గది చూపిస్తారట, అదీ కనుక్కున్నాను." నాన్న ఆలోచించి, "మేం చూడకుండా తోట కొనం మాస్టారూ. పిల్లనెలా పంపుతాం? ఈ వారం మావాడు కాయలతో వెళ్తున్నాడు. చూసొస్తాడు" అన్నాడు. తలుపు వెనక నిలబడ్డ పూర్ణ నన్ను చూసి రెండు చేతులూ జోడించింది. తమాషాకి కాదు.

స్టేషనుకి బళ్ళ మీద గంపలు తోలించి, వేగనులో ఎక్కించి, నేను మద్రాసు వెళ్ళాను. మర్నాడు మధ్యాహ్నానికి సరుకు అమ్ముడుపోయింది. సాయంత్రం రైలుదాకా నాకు పని లేదు. మాస్టారు దారి రాసిచ్చిన కాగితం జేబులోనే ఉంది. నేను ఆ కాలేజీకి వెళ్ళలేదు. టాకీసులో కూర్చుని సినిమా చూశాను, హోటల్లో తిన్నాను, రైలెక్కాను. బద్ధకం వల్ల అని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. బద్ధకం కాదు. వెళితే బాగుందని చెప్పాల్సి వస్తుంది. రెండుసార్లు తప్పిన అన్న కొట్లో కాయలు ఏరుతుంటే, చెల్లెలు డాక్టరై వస్తుంది. ఆ మాట అనుకోగానే నా ఒళ్ళు ఎలా భగ్గుమందో ఇప్పటికీ గుర్తుంది.

ఇంటికొచ్చి నాన్నతో చెప్పాను: "వంటిల్లు ఒకటేనండి. అదే గరిటె, అదే కుండ. పైగా పొద్దున్నే అందరూ ప్రార్థనకి వెళ్ళాల్సిందేనట." రెండో మాట నాన్న అడగలేదు. నేనే కలిపాను.

ఆ సాయంత్రం కొట్లో మాస్టారు ఎప్పటిలా నా పక్కన గంప బోర్లించుకుని కూర్చున్నారు. నాన్న విషయం చెప్పాడు. మాస్టారు నా వైపు తిరిగారు.

"ట్రాము దిగాక చాలా దూరం నడవాల్సి వచ్చిందా రంగయ్యా?"

"లేదండి. గేటు ముందే దిగాను."

"అటు ట్రామే లేదురా."

కూలీల చేతులు ఆగిపోయాయి. నా చెవులు కాలిపోతున్నాయి. మాస్టారు లేచి నిలబడ్డారు. "శెట్టిగారూ, మీవాడు అక్కడికి వెళ్ళలేదు. పిల్ల బతుకండీ ఇది. రేపు నేనే తీసుకెళ్తాను, మీరూ రండి, మీ కళ్ళతో చూడండి."

మా నాన్న ఇరవై ఏళ్ళుగా ప్రతి వేసవీ మద్రాసు వెళ్ళొస్తున్న మనిషి. ట్రాము ఎటు పోతుందో, ఎటు పోదో మాస్టారికంటే ఆయనకే బాగా తెలుసు. నన్ను చూశాడు. తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని బేరమాడేటప్పుడు ఎలా చూస్తాడో అలా. నా అబద్ధాన్ని తూచి చూసుకున్నాడు. అది ఆయనకి పనికొచ్చే సరుకు. "మావాడి మాట నాకు చాలండి. మా ఆడపిల్ల మీద మీకెందుకండీ అంత ఆత్రం?" అన్నాడు. ఆ చివరి మాట అందరికీ వినబడేలా అన్నాడు.

మాస్టారు నన్ను చూసి, "చూసి రాసినవాణ్ణి కొట్టేవాణ్ణి. చూడకుండా రాసినవాణ్ణి ఏం చెయ్యాలో నాకు తెలీదురా" అని వెళ్ళిపోయారు. మళ్ళీ కొట్టుకి రాలేదు.

నాన్న ఆ మాటని అక్కడితో వదల్లేదు. బజారంతా తిప్పాడు. మూడు సెలవులు ఎండలో తిరిగి రాసిన పుస్తకం, మతంలో కలుపుకునే ఎత్తు అయిపోయింది. నిరుడు ఆ అరుగు మీద కూర్చుని కొడుకులకి సీట్లు సంపాదించుకున్న పెద్దమనుషులే, "మాకు అప్పుడే అనుమానం వచ్చిందండీ" అన్నారు. వాళ్ళలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, మా పిల్లవాడు ఆ పుస్తకం చూసే మద్రాసులో చేరాడు, ఆయన రాసింది నిజం అనలేదు. వాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే. కాని వాళ్ళకి ఆ అబద్ధం అందించింది నేను. ఏడాది తిరక్కుండానే మాస్టారు ఉద్యోగం మానుకుని గోదావరి అవతలికి వెళ్ళిపోయారు. అక్కడే పోయారని చాలా ఏళ్ళకి విన్నాను. పూర్ణని రెడ్డిగూడెం ఇచ్చారు.

ఆరేడేళ్ళ తర్వాత ఒక వేసవిలో మద్రాసులో సరుకు అమ్మి, ఆ కాలేజీకి వెళ్ళాను. చెల్లెల్ని చేర్చాలని అబద్ధమాడి లోపలికి వెళ్ళాను. అబద్ధం లేకుండా ఆ గేటు దాటడం నాకు రాసిపెట్టి లేదేమో. వంటిళ్ళు రెండు. వంటమనిషి అయ్యర్ల ఆవిడ, మడిచీర కట్టుకుంది. ప్రార్థన ఇష్టమున్న వాళ్ళకే. మాస్టారి మాటల్లో ఒక్కటీ తప్పు పోలేదు. బయటికొచ్చి రోడ్డు పక్కన చాలాసేపు కూర్చున్నాను. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. మళ్ళీ ఎవరో అడిగితే పాత కథే చెప్పాను, నవ్వించాను.

మా తమ్ముడి కొడుకు మాట విన్న మర్నాడు రెడ్డిగూడెం వెళ్ళి పూర్ణకి అంతా చెప్పాను. అది గోరుచిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. చేతిలో ఉన్న కాయ ఈనె తీసి చేటలో వేసింది. తర్వాత, "భోజనాల గది ఎలా ఉంది?" అని అడిగింది.

"పెద్దది. కిటికీలు తోటవైపు. పొడుగు బల్లలు."

"ఎంతమంది పిల్లలున్నారు?"

"చాలామంది. మన తెలుగు పిల్లలు కూడా ఉన్నారు."

"నవ్వుకుంటున్నారా?"

"ఆఁ."

చిక్కుళ్ళ చేట పక్కకి తోసేసింది. "నాకెందుకు చెబుతున్నావన్నయ్యా? నా కాళ్ళు పట్టుకుని నీ బరువు దించుకుందామనా? ఆయన్ని అబద్ధాలకోరన్నది బజార్లో. బజార్లోనే చెప్పు. రాసి అచ్చు వేయించు. నాన్న పోయాడు కదా అని నాన్న చేసింది దాచకు. నాన్న మీదికి నెట్టి నువ్వు దాక్కోకు."

క్షమించమని నేను అడగలేదు. అది క్షమించనూ లేదు. గుమ్మం దిగుతుంటే వెనక నుంచి పిలిచి, అచ్చుకి ఇచ్చేముందు ఈ కాగితాలు తనకి పంపమంది. తప్పులుంటే తనే దిద్దుతానంది.