కనబడని మంద

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలుండేవి. ఉద్యోగం దొరికినవాడికి ఒక సరదా ఉండి తీరాలన్నది మొదటిది. ఆ సరదా ఇంట్లోవాళ్లకు ఎంత అర్థం కాకపోతే అంత గొప్పదన్నది రెండోది. (ఆ రోజులంటే ఏ నిజాం కాలమో అనుకోకండి, మొన్నమొన్నటి సంగతే. నాకు మీసాలు సరిగ్గా రాని కాలం. ఇప్పుడూ రాలేదనుకోండి.) పొద్దున వికారాబాద్‌లో రైలెక్కి, తాండూరులో ఒక బండల పాలిషింగ్ యూనిట్ ఆఫీసులో కూర్చొని, సాయంత్రానికి రాతిపొడితో జుట్టంతా తెల్లబడి ఇల్లు చేరేవాణ్ణి. చుట్టుపక్కల ఎక్కడా సముద్రం లేని ఊళ్లో ఉంటూ, నాకు ముందుగదిలో సముద్రం పెంచాలనిపించింది. హైదరాబాద్ పోయి గాజు తొట్టి, సముద్రపు ఉప్పు, పగడపు రాళ్లు మోసుకొచ్చాను. సంగతి తెలిసి మా యూనిట్ మేస్త్రి, "లోకమంత తాండూరుకొచ్చి బండలు కొంటది. నువ్వేమో తాండూర్ల కొలువు చేసుకుంట పట్నం పోయి రాళ్లు కొన్నవా సారూ?" అన్నాడు.

ఉప్పునీళ్ల తొట్టికి ఒక శాపముంది. నీళ్లు పోసిన వెంటనే చేపల్ని వేయకూడదు. ముందు ఆ రాళ్లలో కంటికి కనబడని సూక్ష్మజీవులు పెరగాలి. రేపు చేపలు వదిలే మురికిలోని విషాన్ని విరిచేది అవే. వాటికి మేతగా ఒక పచ్చి రొయ్యను నీళ్లలో వేసి కుళ్లబెట్టాలి. అంటే వారాల తరబడి మా ముందుగదిలో కనబడేవి నీళ్లు, రాళ్లు, ఒక శవం. అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, "చాపలు పెంచుతనంటివి. ఇదేందిరా, సచ్చినదాన్ని పెంచుతున్నవ్?" అనేది.

ఆ తొట్టి ముందు కుర్చీ వేసుకొని కూర్చున్నది తాత ఒక్కడే. పూడూరు దిక్కు పల్లెలో ఆయన జన్మంతా గొర్రెల వెనకే నడిచింది. మోకాళ్లు మొరాయించాక నాయిన మందను అమ్మేసి ఆయన్ని వికారాబాద్ తీసుకొచ్చాడు. అప్పటినుంచి తాతకు చూసుకోవడానికేమీ లేదు. నా తొట్టిలోనూ చూడడానికేమీ లేదు. ఇద్దరికీ బాగా కుదిరింది.

"ఏం మేపుతున్నవ్‌రా ఇండ్ల?" అని అడిగాడు ఒకరోజు.

"పురుగులు తాతా. కండ్లకు కనవడయి."

"ఎన్నున్నయి?"

"కోట్లుంటయి."

తాత నీళ్లలోకి తొంగిచూసి, "నాకన్న పెద్ద మందనే. మరి ఎట్ల లెక్కవెట్టుకుంటవ్, పొద్దుమీకి దొడ్లకు తోలెటప్పుడు?" అన్నాడు. అక్కణ్ణుంచి రోజూ నేను స్టేషన్‌కు బయల్దేరేటప్పుడు ఒకటే ప్రశ్న: "చాపలెప్పుడొస్తయిరా?" నీళ్లు ఇంకా తయారు కాలేదని రోజూ నా ఒకటే జవాబు. "నీళ్లకేం ఫికర్ లేదు కొడకా. నాకే జర తొందరున్నది" అన్నాడొకసారి. నేను పడీపడీ నవ్వాను. జోకులేసేవాళ్లకున్న జబ్బే అది. ఎదుటివాళ్లు ఏమన్నా జోకే అనుకుంటాం.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, ఆ కుర్చీలోనే పోయాడు. అమ్మ అన్నానికి పిలిస్తే పలకలేదట. నేను తాండూరు నుంచి వచ్చేసరికి ఇంటినిండా జనం, ఏడుపు. మూలన తొట్టి పంపు మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. మర్నాడు పరామర్శకొచ్చిన ముసలాయన ఒకరు ముక్కు ఎగబీల్చి, "శవాన్ని నిన్ననే లేపిండ్రు గద, ఇంక గిదేం వాసన?" అని నెమ్మదిగా అడిగాడు. రొయ్య సంగతి చెప్పడానికి అది సమయం కాదనిపించింది.

మూడోనాడు పిట్టకు పెట్టుడు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి ఆకులో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే వాళ్ల కోరికేదో మిగిలిందని లెక్క. జొన్నరొట్టె, బోటి కూర, ఒక బీడీ కట్ట పెట్టి దూరం జరిగాం. కరెంటు తీగ మీద కాకులు వరసగా కూర్చొని మమ్మల్నే చూస్తున్నాయి. ఒక్కటీ దిగలేదు. "బాపూ, ఊళ్లె నీ పేరు మీద అరుగు కట్టిస్తనే!" అని చిన్నాయిన గట్టిగా మొక్కాడు. కాకులకు చిన్నాయిన సంగతి తెలుసనుకుంటా, కదల్లేదు. అప్పుడు నాయిన రెండడుగులు ముందుకేసి, ఎవరికీ వినబడకూడదన్నట్టు అడిగాడు: "మంద అమ్మితినని కోపమా బాపూ?" ఎండ మండుతోంది. కాకులు కదల్లేదు. నాయిన అక్కడే మట్టిలో కూలబడ్డాడు.

మా నాయినను నేను అట్లా ఎన్నడూ చూడలేదు. ఏదో ఒకటి అనాలి, అలవాటుగా జోకు వెతికాను, దొరకలేదు. "తాతా! చాపలు తెస్తనే! నీ కుర్చి ముందటనే ఏస్త!" అని అరిచాను. అందరూ గిర్రున నా వైపు తిరిగారు. కాకి దిగి బోటి ముక్క ఎత్తుకుపోయింది. (మేమంతా ఆకు మీదినుంచి చూపు తిప్పుకున్నందుకే దానికి ధైర్యమొచ్చిందని నా లెక్క. ఆ లెక్క నాలోనే ఉంచుకున్నాను.) నాయిన తువ్వాలతో మొహం తుడుచుకొని, "అయితే మంద గురించి కాదు" అన్నాడు, తనలో తనే.

దినాల లోపలే చేపలు రావాలని మేనత్త తీర్పు చెప్పింది. చిక్కంతా అక్కడే వచ్చింది. చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పట్టి మందు చుక్కలేస్తే పసుపు రంగు రావాలి, విషముంటే పచ్చబడుతుంది. నాది మామిడాకంత పచ్చగా ఉంది. ఇప్పుడు చేపను వేస్తే వచ్చిన చుట్టాల భోజనాలు కాకముందే చస్తుంది. అది చస్తే నాయిన మళ్లీ మంద అమ్మిన బాధ దగ్గరికే పోతాడు. అందుకని వేయనన్నాను. "కాకికిచ్చిన మాట తప్పుతవారా?" అంది మేనత్త. "సంతకమైతే పెట్టలేదు గదత్తా" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

దినాల నాడు చిన్నాయిన బస్టాండు దగ్గరి దుకాణం నుంచి పాలిథిన్ సంచిలో రెండు బంగారు చేపలతో దిగాడు. చుట్టాలంతా లేచి నిలబడ్డారు. నేను తొట్టికి అడ్డం నిలబడ్డాను. "గివి మంచినీళ్లయి చిన్నాయినా. ఉప్పునీళ్లల్ల ఏస్తే సీదా తాత దగ్గరికే పోతయి."

"తాత కోసమే గదరా తెచ్చింది!"

తర్కానికి లోటు లేదు. నేను మాత్రం జరగలేదు. నాయిన నా దగ్గరికొచ్చాడు. "నిజంగనే ఏస్తవా? లేకుంటె నా మనసు కోసం అన్నవా?"

"ఏస్త నాయినా. జర ఆలస్యమైనా, బతికేటట్టు ఏస్త."

నాయిన చిన్నాయిన చేతిలోంచి సంచి తీసుకొని, పెరట్లోంచి స్టీలు బకెట్ తెచ్చి మంచినీళ్లు పోయించాడు. దండ వేసిన తాత ఫోటో ముందు బకెట్లో బంగారు చేపలు తిరుగుతుంటే, వచ్చినవాళ్లు ఫోటోకు దండం పెట్టి, బకెట్‌కూ ఒకటి పెట్టిపోయారు. ఎవరో మరమరాలు కూడా చల్లారు. ఆ రోజు కడుపునిండా తిన్నది ఆ రెండే.

తరువాత జరిగినదాంట్లో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. ఉప్పునీళ్ల తొట్టిలో ఎప్పుడూ అంతే. పచ్చ తగ్గీ తగ్గీ ఎప్పటికో పసుపైంది. రాళ్లకు గోధుమరంగు పాచి పట్టింది. దాన్ని తినడానికి నత్తల్ని తెచ్చాను. "గింత చేసి నత్తలా?" అన్నాడు నాయిన. ఆ తర్వాత బొటనవేలంత పగడం ఒకటి. అన్నీ నిలబడ్డాక, ఒక ఆదివారం, నారింజ రంగు మీద తెల్లపట్టీలున్న చేప ఒక్కటి తెచ్చాను. తాత చేప వచ్చిందని ఫోన్ చేస్తే, అంతా మరిచిపోయిన చిన్నాయిన, "ఏం చాపరా?" అన్నాడు.

నాయిన మాత్రం తాత కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. సంచిని తొట్టిలో తేలేసి, ఆ నీళ్లలో ఈ నీళ్లు మెల్లగా కలిపి అలవాటు చేసి, చేపను వదిలాను. అది మా ఇద్దరినీ ఒక్క చూపు చూసి రాయి వెనక్కి పోయింది. మళ్లీ రాలేదు. నాయిన చాయ్ కూడా ముట్టకుండా చూశాడు.

"ఉన్నదారా?"

"ఉన్నది."

"కనవడుతలేదు గద."

"కనవడదు నాయినా. గని ఉన్నది."

నాయిన తలూపాడు. కుర్చీలోంచి లేవలేదు.

ఇప్పుడు ఆ తొట్టిలో కాస్త సంసారం పెరిగింది. రైలు దిగివచ్చి నేనే ఆ కుర్చీలో కూర్చుంటున్నాను. ఎదురింటి పిల్లలొచ్చి ఇంకో చేప ఎప్పుడని అడిగితే, "నీళ్లకేం తొందరరా" అంటాను, తాతలా. అంతవరకైతే ఫరవాలేదు. కొత్త చేపను తెచ్చిన ప్రతిసారీ, గోడ మీద కాకి వాలితే, ఎవరూ చూడడం లేదని చూసుకొని, "ఇంకోటి తెచ్చిన" అని చిన్నగా చెప్పి వస్తున్నాను. ఆనాడు కాకి మనస్తత్వం మీద అంత లెక్క తీసిన తెలివిగలవాడు ఎటు పోయాడో తెలియదు. కాకి ఏమీ అనదు. దాని ధ్యాస మొదటినుంచీ బోటి మీదే.