రెండు గంటల అనుమానం

తైనాన్ నగరం పక్కన ఆర్కిడ్ పూల షెడ్డు నడిపే చున్‌జీకి ఎవరి మాటా ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు. చేపలవాడు తాజావంటే మొప్పలెత్తి చూసేది. ఆమె పక్కన పూలు సర్దే నా చేతుల మీదా ఓ కన్ను ఉండేది.

ఆ వసంతంలో మా పూలు కొనే ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ల నుంచి ఫోన్ల మీద ఫోన్లు. పూలు అంచులు నల్లబడి దిగుతున్నాయని. మా దగ్గర మాత్రం నవనవలాడుతూ బండెక్కేవి. తొమ్మిదివేల కిలోమీటర్ల పైచిలుకు దూరం, పన్నెండు గంటల్లో విమానం దిగిపోతుందని ఆమె భర్త బతికున్నప్పుడు చెప్పిన లెక్క. దాన్ని ఆమె ఎన్నడూ శంకించలేదు. ఇక మిగిలింది తావ్‌యువాన్ విమానాశ్రయం దాకా రోడ్డు, ఆ రోడ్డు మీద బండి తోలే మరిది అకున్. దారిలో ఎక్కడో కబుర్లకు ఆగి చల్లదనం మిషను కట్టేస్తున్నాడని నా చెవిలో చెప్పింది.

ఒకరోజు చెప్పాపెట్టకుండా నన్ను వెంటేసుకుని బండెక్కింది.

"ఏంటి వదినా, షికారా?" అన్నాడు అకున్.

"పూలు ఎలా వెళ్తున్నాయో చూద్దామని."

అతని మొహంలో నవ్వు పోయింది. దారిలో వక్కల కొట్టు దగ్గర ఆపాడు. చున్‌జీ దిగి వెనక తలుపు తీసి లోపల చెయ్యి పెట్టింది. చల్లగానే ఉంది. అతను నములుతూ చూస్తూ నిలబడ్డాడు. ఇవాళ మనం ఉన్నాం కాబట్టి జాగ్రత్తపడ్డాడని ఆమె నాతో గొణిగింది.

విమానాశ్రయంలో పెట్టెలు తూకం వేసే ఆమెను, విమానం ఎన్ని గంటల్లో దిగుతుందని అడిగింది. పద్నాలుగు దాటుతుందని జవాబొచ్చింది. చున్‌జీ గిర్రున తిరిగి అకున్ వైపు చూసింది, ఇద్దరూ కూడబలుక్కున్నారన్నట్టు.

"పన్నెండు కదా?"

"అది అప్పట్లో అక్కా," అంది తూకం వేసే ఆమె. "యుద్ధం మొదలయ్యాక ఆ దేశం మీదుగా ఎగిరే దారి మూసేశారు. చుట్టుతిరిగి పోతోంది."

అప్పటికీ నమ్మలేదు. వెనక మామిడిపళ్ల పెట్టెలతో ఉన్న పెద్దాయన్ని అడిగింది. ఆయనా అదే చెప్పాడు. తన పళ్లు కూడా మెత్తబడుతున్నాయని వాపోయాడు. అప్పుడు ఆమె తల దించుకుంది.

తిరుగు దారి పట్టాం.

"ఇంటికెళ్లాక తాళాలు ఇచ్చేస్తా. వేరేవాణ్ణి చూసుకో వదినా," అన్నాడు అకున్.

"రేపట్నుంచి ఇంకా విచ్చని పూలే కోయిస్తాను, ఆ ఎక్కువ రెండు గంటలూ తట్టుకుంటాయి. బండి నువ్వే తోలాలి." అతని వైపు తిరిగి, "నిన్ను అనుమానించాను. తప్పే," అంది.

ఆ తర్వాత పూలు బాగానే చేరాయి. అకున్ బండి మానలేదు, కానీ వదిన ఇంట్లో భోజనం మానేశాడు. చున్‌జీ చేపల గంజి నా చేత పంపింది. అతను మూత తీసి వాసన చూశాడు.

"ముందు నువ్వు ఓ గుక్క తాగు, చూస్తా," అన్నాడు నాతో.

తాగాను. అప్పుడు నవ్వి, గిన్నె దగ్గరకు లాక్కున్నాడు.