ఏడో దర్వాజ

స్తంభాలు లేకుండా ఆకాశాన్ని నిలబెట్టిన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. మట్టితో మనిషిని చేసి, ఆ మనిషికి మట్టితో గోడ కట్టుకునే తెలివినిచ్చి, ఆ గోడలో ఒక తలుపు పెట్టుకోవాలన్న మనసును కూడా ఇచ్చినవాడు ఆయనే.

మాది కోరుట్లలో పాతకాలపు పెంకుటిల్లు. జగిత్యాల నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో ఆ ఇంటి మర్యాదలన్నీ దర్వాజలను చూసే నేర్చుకున్నాను. వీధి దర్వాజ మగవాళ్లది. దాని వెనక దివాన్‌ఖానా, అంటే మగ అతిథులు కూర్చునే గది. ఆ గదికీ లోపలి ఇంటికీ మధ్య తలుపు లేదు, పర్దా ఒక్కటే. దాని అవతల ఎవరైనా దగ్గితే లోపలికి వస్తున్నారని అర్థం. ఇక పెరటి గోడలో, నడుము వంచి దాటాల్సినంత చిన్న తలుపు ఒకటుండేది. దాన్ని ఖిడ్కీ అంటాం. అది ఆడవాళ్లది. వీధిలో అడుగు పెట్టకుండా పక్కింటికి పోయే తొవ్వ. వేడి రొట్టెలు, అరువు సూదులు, ఏడుపు ఆపని పసిపిల్లలు అందులోంచే అటూ ఇటూ తిరిగేవి.

పక్కిల్లు నేతవాళ్లది. వాళ్ల చుట్టాలంతా సిరిసిల్లలో మరమగ్గాలు నడుపుతారు. ఆ ఇంటి అవ్వ భర్త, బతికున్న రోజుల్లో, మా అత్తను చెల్లె అని పిలిచాడట. అప్పటి నుంచి ఆమె ఆ ఇంటి ఆడబిడ్డ. అవ్వా, మా అత్తా ఒకరినొకరు వదినె అనుకుంటారు.

ఇతరుల ఇంట్లోకి సలాం చెప్పి, సరేనన్నాకే అడుగు పెట్టాలని మా గ్రంథం నేర్పుతుంది. వారం వారం ఆడవాళ్ల సభలో ఆ పాఠం చెప్పేది నేనే. అవ్వ ఆ పాఠం వినలేదు గానీ ఏనాడూ చెప్పకుండా రాలేదు. ఖిడ్కీ చెక్కను గాజులతో టకటకలాడించి, "వదినె, ఉన్నవా, పోయినవా?" అనేది.

"నిన్ను ఇడిసిపెట్టి ఎట్ల పోత? పెద్దదానివి, ముందుగాల నువ్వు నడువు" అని మా అత్త లోపలి నుంచే జవాబు.

ఈ మధ్య వీధిలో సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేస్తూ పోయారు. మా గడప రోడ్డు కిందికి దిగిపోయింది. మోకాళ్లు అరిగి వాకర్ పట్టుకు నడిచే మా అత్త ఆ ఎత్తు ఎక్కలేదు. అవ్వకేమో చూపు మందగించింది. ఒకసారి బైకు ఆమె కొంగు లాక్కుపోయిన తర్వాత, కొడుకు ఆమెను ఒంటరిగా వీధిలోకి పోనివ్వడం మానేశాడు. ఇద్దరు ముసలివాళ్లూ కలుసుకోవడానికి మిగిలింది ఖిడ్కీ ఒక్కటే.

అలాంటప్పుడు అవ్వ కొడుకు పాత ఇల్లు విప్పి స్లాబు ఇల్లు మొదలుపెట్టాడు. తమ పెరడంతా కలుపుకుని కట్టడంతో, పాత గోడ పోయి వాళ్ల వంటింటి గోడే మాకు హద్దయింది. పని నడిచినన్నాళ్లూ వాళ్లు పక్క వాడలో కిరాయికి ఉన్నారు. పొద్దున్నే కొడుకు అవ్వను బండి మీద తెచ్చి మా ఇంట్లో దింపేవాడు. "పని సూసుకోను వచ్చిన" అనేది అవ్వ. ఆమె చూసుకున్న పనల్లా మా అత్త చేతి చాయ్ తాగడమే.

గోడ లేస్తోంది. ఖిడ్కీ ఉన్న చోటికి రాగానే మేస్త్రీ ఆగాడు. "సార్, ఈడ తొవ్వ ఇడువాల్నా, కప్పెయ్యాల్నా? చాయ్ తాగొస్త, గంతల చెప్పుండ్రి" అని వెళ్లిపోయాడు.

కొడుకు మా వాకిట్లోకి వచ్చి తల గోక్కున్నాడు. "అవ్వా, దర్వాజలు సరిసంఖ్య ఉండాలన్నడు వాస్తు సూసినాయన. ఇంటి నక్షల ఆరున్నయ్. ఖిడ్కీ పెడితే ఏడైతయ్. బేసి మంచిది కాదంటండు. ఎనిమిదోది పెడుదమంటే గోడ యాడుంది?"

మంచీ చెడూ అల్లాహ్ చేతిలోవి, దర్వాజల లెక్కలో ఏముందన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. మా అత్త కళ్లతోనే ఆపింది. "ఇల్లు ఆళ్లది బిడ్డా, పట్టింపు ఆళ్లది" అని నాతో మెల్లగా అని, అతని వైపు తిరిగి, "కప్పెయ్ కొడుకా. నీ ఇల్లు సల్లగుండాలె" అంది. తస్బీహ్ మాల చేతిలోకి తీసుకుంది. పూసలు మాత్రం కదలలేదు.

"కప్పెయ్యమననీకి నువ్వెవలే?" అని లేచింది అవ్వ. "దర్వాజ ఎత్తిననాడు ఆడబిడ్డకు చీర పెట్టాలె. తొవ్వ మూసి చీర ఎట్ల పెట్టాలె? సజ్జ మీదికెళ్లి ఇసిరెయ్యాల్నా?"

మా అత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అవ్వ ఇక తన కొడుకును పట్టుకుంది.

"గా ఆరుల నేను పండుకునే అర్రది ఉన్నదారా?"

"ఉన్నది."

"తీసెయ్."

"అర్రకు తలుపు లేకుంటే ఎట్లనే?"

"గీ ఇంట్ల దివాన్‌ఖానకు తలుపున్నదా? పర్దా ఉన్నది. ఇన్నేండ్లల్ల ఎవడన్న చెప్పకుండ లోపటికి ఉరికొచ్చిండా? నాకూ గదే కట్టు."

"నీకు ఏసీ పెడుదమనుకున్న..."

"నీ అర్రల పెట్టుకో. నాకు ఖిడ్కీలకెళ్లి గాలొస్తది."

కొడుకు వాస్తు ఆయనకు ఫోన్ చేశాడు. అవ్వ గదికి తలుపూ చట్రమూ లేకుండా ఖాళీ వదిలితే అది లెక్కలోకి రాదన్నాడాయన. మేస్త్రీ చాయ్ తాగి వచ్చేసరికి లెక్క మళ్లీ ఆరే. ఈసారి ఖిడ్కీ నిలువెత్తున, కింద గడప లేకుండా, వాకర్ పట్టేంత వెడల్పు పెట్టమని కొడుకే చెప్పాడు.

దర్వాజ ఎత్తిన రోజు, అంటే ద్వారబంధం నిలబెట్టిన రోజు, వాళ్లు పసుపు రాసి, మామిడాకులు కట్టి తమ పూజ చేసుకున్నారు. మేము పక్కనే నిలబడి మా పద్ధతిలో దువా చేశాం. మా అత్త వాకర్ నెట్టుకుంటూ, ఖిడ్కీలోంచి వంగకుండా, ఎన్నో ఏళ్లకు ఆ ఇంట్లోకి తానే నడిచిపోయింది. అవ్వ చీర పెట్టింది.

"రంగు సూసి తెచ్చినవా, తడిమి తెచ్చినవా?" అంది మా అత్త.

"తడిమే తెచ్చిన. గట్టిగున్నది, నీ నోటి లెక్క."

అవ్వ గదికి పర్దా సిరిసిల్ల నుంచి ఆమె తమ్ముడు తెచ్చాడు. మరమగ్గం గుడ్డ వద్దని, చేతిమగ్గం మీద నేసిన ముతక గుడ్డే కావాలని పట్టుబట్టి తెప్పించుకుంది. గుడ్డ మీద టకటకలాడించలేరు కదా, లోపలికి రావాలంటే ఎవరైనా పిలవాల్సిందే. కోడలు పిలుస్తుంది. మనవరాళ్లు "నానమ్మా, రావాల్నా?" అని అరుస్తారు. అవ్వ వినబడనట్టు కూర్చుని రెండోసారి పిలిపించుకుంటుంది. "తలుపుంటే గిన్ని పిలుపులు వచ్చునా వదినె!" అని మా అత్తకు చెప్పి మురుస్తుంది.

ఇది రాస్తుంటే వాళ్లిద్దరూ ఆ కొత్త వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఎవరివి ముదురుకాయలని పోట్లాడుకుంటున్నారు. చదువుతున్న మీరు కూడా నాతో చేతులెత్తండి. యా అల్లాహ్, ఒకరి మోకాళ్లకు, ఒకరి చూపుకు ఇంకొన్నేళ్లు బలమివ్వు. ఆ ఇంటిని చల్లగా ఉంచు. వాళ్లలో ఎవరు పిలిచినా పలికేవాళ్లు అవతల ఉండేలా చూడు. ఆమీన్ అనండి.