సనమ్ మెడ మీది నలుపు

ఆసుపత్రిలో చేరడానికి ముందు సనమ్ చేసిన చివరి మామూలు పని, సరెయిన్ ఊళ్లో వేడినీటి బుగ్గల మడుగు గట్టున కూర్చుని కూతురి వీపు రుద్దడం. చేతికి కీసె, ఒళ్లు రుద్దే గరుకు గుడ్డ సంచి, తొడుక్కుని భుజం నుంచి నడుము దాకా ఒకే పట్టున లాగింది. మరాల్‌కి అప్పటికే ఇద్దరు పిల్లలు. అయినా తల్లి చేతికింద చిన్నపిల్లలాగే ముడుచుకుని కూర్చుంది.

"కదలకే. పెళ్లయింది కదా అని మట్టి నిన్ను వదిలేస్తుందా?"

శుక్రవారం వస్తే ఇంట్లో ఆడవాళ్లంతా అర్దబీల్‌లో మినీబస్సెక్కి సరెయిన్ వెళ్లేవారు. తువ్వాళ్ల మూట, ఉడికించిన గుడ్లు, ఫ్లాస్కులో టీ. బయట సబలాన్ కొండ మీద మంచు, లోపల గంధకం వాసన. ఆవిరిలో ఎవరి మొహమూ ఆనేది కాదు గాని సనమ్ గొంతు మాత్రం ఏ మూల నుంచైనా వినపడేది. కీసె మీద ఉండలు కట్టిన మట్టి చూపించి, ఎవరు స్నానం ఎగ్గొట్టారో చెప్పి అందరి ముందూ పరువు తీసేది.

అలాంటి మనిషి మెడ అంతకుముందు శరదృతువులో అందరి కళ్లకూ నల్లగా కనిపించింది. తర్వాత చంకలు. ముట్టుకుంటే మఖమల్ గుడ్డలా ఉండేది.

"ఏం అక్కా, బొగ్గుల కొట్టేమైనా పెట్టావా?" అంది తోడికోడలు గులాబతిన్. "ఊరందరి మట్టీ వదిలిస్తావు, నీ మెడ సంగతేంటి?"

"అది మట్టి కాదులే. నాకు తెలుసు."

"అందరూ అదే అంటారు. ఇటు తిరుగు."

గులాబతిన్ కసిగా రుద్దింది. పెరుగులో నిమ్మరసం కలిపి పట్టించింది. తోలు కందింది గాని నలుపు పోలేదు. ఎలా తెలుసని సనమ్‌ని ఎవరూ అడగలేదు.

కడుపు కేన్సర్ తెలియని ఇల్లు ఆ ఊళ్లో లేదు. సనమ్ అన్న దానితోనే పోయాడు. అందుకే ఒకరి కడుపు మీద ఒకరు కన్నేసి ఉంచుతారు. ముద్ద సగంలో ఆపితే భయం, పులితేపు వస్తే భయం. సనమేమో నల్ల హల్వా మారు వడ్డించుకుని, గిన్నె రొట్టెతో తుడిచి మరీ తినేది. ఖాళీ అయిన ఆ గిన్నె చూసి మరాల్ గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయేది. ఇక మెడ ఎవరికి పట్టింది?

చలికాలంలో ఒకనాడు పులుసుకి బోటి కడుగుతూ సనమ్ తన అరచెయ్యి చూసుకుని నవ్వింది.

"చూడవే, ఇందులో నా చెయ్యేదో బోటి ఏదో చెప్పు."

గీతలు లోతుపడి, తోలు మందమై, నిజంగానే ఆ ముడతలే. మరాల్‌కి నవ్వు రాలేదు. మర్నాడే చర్మం డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

ఆయన మెడ చూశాడు, అరచేతులు వెలుగులో తిప్పి చూశాడు. కడుపులోకి గొట్టం వేయించి చూడాలన్నాడు.

"నేను మెడ చూపించుకుందామని వచ్చాను నాయనా. నా కడుపు రాళ్లు కూడా అరిగిస్తుంది."

"ఈ నలుపు మెడలో పుట్టింది కాదమ్మా. కడుపులో గడ్డ ఉంటే ఒక్కోసారి నొప్పి కంటే ముందు తోలు మారుతుంది."

గొట్టం వేసే ముందు వచ్చిన శుక్రవారమే ఆమె కూతురి వీపు రుద్దింది. గడ్డ ఉంది. అప్పటికే కాలేయానికి పాకింది. ఆప్రికాట్లు పండేనాటికి సనమ్ లేదు.

పోయిన నలభయ్యో రోజు తంతు దాటాక మరాల్ ఒక్కతే సరెయిన్ వెళ్లింది. ఇంకాస్త ముందు ఎవరైనా చూసి ఉంటే అన్న మాట ఆమెను నిద్రపోనివ్వడం లేదు. అక్కడ ఒళ్లు రుద్దే ముసలి జర్నిషాన్ ఆమెను కూర్చోబెట్టి కీసె తొడుక్కుంది. వీపంతా రుద్దింది. తర్వాత మెల్లగా అంది.

"మీ అమ్మ మెడ నేనూ రుద్దానే బిడ్డా. నిరుడు గోధుమ కోతల్లో. మీకెవరికీ చెప్పకుండా ఒక్కతే వచ్చింది, సిగ్గుపడుతూ."

"రుద్దితే?"

"కీసె తెల్లగానే వచ్చింది. ఇది మట్టి కాదు సనమ్, అన్నాను. ఎంత సంబరపడిందనుకున్నావు. తెచ్చుకున్న చెర్రీలన్నీ నా ఒళ్లో పోసి, ఇంకాసేపు నీళ్లలోనే కూర్చుంది."