అలుగుల రూతమ్మ, మా అక్క

ఉదయగిరి కొండల్లోని అలుగుల జీవనరహస్యాలను శాస్త్రలోకానికి తెలియజెప్పిన జంతుశాస్త్రవేత్త డాక్టర్ రూతమ్మ ప్రభువునందు నిద్రించారు. ఆ దుర్వార్త నాకు ఫోనులో చెప్పింది ఆమె శిష్యురాలు. ఆత్మకూరులో ఉన్న సొంత చెల్లెలికి అక్క మరణవార్త పరాయి పిల్ల చెప్పాలా? కన్నీటికంటే ముందు నాకు కలిగింది ఆ కడుపుమంటే.

ఒళ్ళంతా పొలుసులతో, చీమలూ చెదలూ తిని బతికే సాధుజీవి అలుగు. అలికిడి వింటే బంతిలా చుట్టుకుపోతుంది. చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే కట్టడాన్నీ మనం అలుగే అంటాం. అక్క పరిశోధనకు దరఖాస్తు పెట్టినప్పుడు విభాగాధిపతి ‘ఉదయగిరి అలుగులు’ అన్న మాట చూసి, చెరువుల సంగతి ఇంజనీర్లు చూసుకుంటారమ్మా అని తిప్పి పంపారు. పొరపాటు ఆయనది, నవ్వులపాలైంది అక్క. అర్థం తెలిశాక కూడా ఆయన ఒప్పుకోలేదు. ఆడపిల్లకు ప్రయోగశాలలో కప్పలు చాలవా, కొండల్లో ఒంటరిగా ఎలా తిరుగుతావని నిలదీశారు.

“అలుగు గూడా ఒంటరిగానే తిరుగుతాది సార్. దాన్నెవురూ అడగలేదే” అనింది అక్క.

ఆ జవాబును నాయన బతికినన్నాళ్ళూ ఆత్మకూరు బజారంతా చెప్పుకున్నాడు. నాకు బీయెస్సీలో ఫస్టుక్లాసు వచ్చిన సంగతి ఎవరికైనా చెప్పగా నేను వినలేదు. బైబిల్లోంచి ఏరి మరీ అక్కకు రూతమ్మ, నాకు మార్త అని పేర్లు పెట్టాడాయన. రూతు ఊరు విడిచి నడిచిన మనిషి, మార్త ఇంటిపనితో సతమతమైన మనిషి. పేర్లకు తగ్గట్టే జరిగింది. నేను కలిగిరి బడిలో నల్లబల్లమీద కప్ప బొమ్మ గీస్తూ రిటైరయ్యాను.

సదస్సుల్లో మగ ఆచార్యులు ఆమెను ప్రశంసిస్తూనే, పత్రం ఎవరు రాసిపెట్టారమ్మా అని అడిగేవారట. అక్క కోప్పడేది కాదు. కొండకు రండి, చూపిస్తాననేది. ఒక్కరూ ఎక్కలేదు.

మా ఇంటికొచ్చినా అన్నం తింటున్నంతసేపూ అలుగుల కథలే. ముఖ్యంగా తోకమీద పొలుసు ఊడిన ఒక ఆడ అలుగు గురించి. అది ఎప్పుడు ఈనిందో అక్కకు తెలుసు, నా మనవరాలి పేరు మాత్రం ప్రతిసారీ అడిగేది. నేను మూతి ముడుచుకుని వంటింట్లోకి పోయేదాన్ని.

“మా మార్త గూడా అలుగే. ముట్టుకుంటే చుట్టుకుంటాది. కదలకుండా పక్కన కూర్చుంటే అదే విప్పుకుంటాది” అంటూ వెనకే వచ్చి, నేలమీద కూర్చుని వెల్లుల్లి ఒలిచేది. నేను మాట్లాడేదాకా లేచేది కాదు. కొండమీద కూడా ఆమె పరిశోధనాపద్ధతి అదే.

ఉదయగిరి చర్చిలో జరిగిన సంతాపసభలో, ఒకప్పుడు ఆమెను వెటకరించిన పెద్దమనుషులే ఆమెను మహామనీషి అని కీర్తించారు. చివరికి ఆ శిష్యురాలు లేచింది. పొలుసు ఊడిన అలుగుకు మేడం ఒక పేరు పెట్టారనీ, దాన్ని ఏ పత్రంలోనూ రాయలేదనీ చెప్పింది.

“మేడం దాన్ని మార్తా అని పిలిచేది. అది చుట్టుకున్నప్పుడల్లా, అలగొద్దే మార్తా, నేనీడనే ఉండాను అనేది.”

చర్చి అంతా కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం ఆ మూగజీవి మీద ఇంకా అసూయే. నా పేరు తీసుకుని, నా వాటా మాటలు కూడా అదే వినింది.

అక్కా, శాస్త్రలోకం నీకు నివాళులర్పిస్తోంది. నేను మాత్రం అలిగి వంటింట్లో కూర్చున్నాను. వెల్లుల్లి చేట ముందే పెట్టుకున్నాను. పక్కకొచ్చి కూర్చునేవాళ్ళు లేరు.