ఖాళీ డబ్బా ఇవ్వని పెద్దమ్మ

హెపటైటిస్-సి మందుల పరిశోధనలో, రోగులు తిరిగిచ్చే డబ్బాల్లో మిగిలిన మాత్రలు లెక్కపెట్టడం నా పని. కాశిబుగ్గలో మగ్గం నేసే ఒక పెద్దమ్మ తన మొదటి డబ్బా తెచ్చింది. ఇరవై ఎనిమిదిలో ఒక్కటి మిగిలింది.

"ఇదెందుకు మింగలే పెద్దమ్మా?"

"ఖాళీ గిన్నె వాపస్ ఇస్తరా బిడ్డా? మీ అమ్మ నేర్పలే?"

"అన్నీ మింగకుంటే రోగం పోదు."

"గట్లనా! ఫికర్ చెయ్యకు."

రెండో డబ్బాలో మాత్రలు లేవు. పల్లీలు నలభై మూడు ఉన్నాయి. మూడోదాంట్లో నలభై ఆరు.

మందులైపోయిన మూడు నెలలకు రక్తపరీక్ష ఫలితం వచ్చింది. కవరు ఆమె చేతికిచ్చాను.

"నీ రక్తంల వైరస్ లేదు పెద్దమ్మా, ఏం లేదు!"

ఆమె నవ్వి, కవరు విప్పి లోపలికి తొంగి చూసింది.

"కాగితమేనా? ఇంకేం పెట్టలే?"

జేబులోంచి పల్లీలు తీసి, లెక్కపెట్టి నాలుగు వేశాను.